దారిఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నైపుణ్యాభివృద్ధి శాఖకు గోదావరి డెల్టా నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మంత్రి గారికి, ఆ శాఖ అధికారులకు,

నమస్కారం.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే ఒక భవనం తగలబడింది. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు, ఆ ముగ్గురిలో ఇద్దరు మన గోదావరి వైపు వాళ్ళు. మరునాడు, జూన్ 13న, ముఖ్యమంత్రి గారు సచివాలయంలో బాధ్యతలు తీసుకుని సంతకం పెట్టిన మొదటి ఐదు ఫైళ్ళలో నైపుణ్య గణన ఫైలు ఒకటి. ఆ రెండు వార్తలూ మా ఇంటికి ఒకే రోజు పేపర్లో వచ్చాయి. రెండింటినీ పక్కపక్కన చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

నేను కోనసీమవాణ్ణి. ఇరవై ఏడేళ్ళు ఐటీఐలో వెల్డింగ్ ట్రేడు నేర్పి రిటైరయ్యాను. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు జుబైల్‌లో, దమ్మామ్‌లో, అబుదాబిలో, దోహాలో, మస్కట్‌లో ఉన్నారు. కొందరు సింగపూర్ షిప్‌యార్డుల్లో ఉన్నారు. సెలవు మీద వచ్చినప్పుడు ఖర్జూరం పొట్లం పట్టుకుని మా ఇంటికి వస్తారు. కూర్చుని టీ తాగుతారు, ఊరి కబుర్లు చెబుతారు. లేచి చెప్పులు వేసుకునేటప్పుడు గానీ అసలు సంగతి బయటికి రాదు. "ఇంకా అప్పు తీరలేదు మాస్టారూ."

నైపుణ్య గణన అంటే ఇంటింటికీ వెళ్ళి ఎవరికి ఏ పని వచ్చో రాసుకోవడం. చాలా మంచి పని. కానీ మా లంక గ్రామాల్లో మీ మనిషి తలుపు తట్టే వేళకి పని తెలిసినవాడు ఇంట్లో ఉండడు. తల్లో భార్యో గుమ్మంలోకి వచ్చి "మా వాడు ఫారిన్‌లో ఉన్నాడండి" అంటుంది. ఆ మాట దగ్గర మీ ఫారం ఆగిపోకూడదని నా మొదటి మనవి. ఏం పని నేర్చుకున్నాడు, అక్కడ ఏం పని చేస్తున్నాడు, వెళ్ళడానికి ఎంత కట్టాడు, ఆ డబ్బు ఎంత వడ్డీకి తెచ్చాడు. ఈ నాలుగూ అడగండి. విదేశీ ఉద్యోగం వల్ల మా డెల్టాకి ఎంత మిగిలిందో ఈ నాలుగు గళ్ళు చూస్తే తెలుస్తుంది.

అలాంటి లెక్క ఒకటి ఇక్కడ విప్పి చెబుతాను. కొంచెం ఓపిక పట్టి చదవండి.

నా దగ్గర చదివిన కుర్రాడు ఒకడు, కౌలు రైతు కొడుకు. చెయ్యి చాలా బాగుండేది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూడా వర్క్‌షాపులో ఉండిపోయి పైపు వెల్డింగ్ సాధన చేసేవాడు. పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. మనిషే దాని చుట్టూ తిరిగి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద నుంచి పైకి అతుకు వేసుకుంటూ రావాలి. దీన్ని సిక్స్ జీ అంటారు. మొదటి వరస ఆర్గాన్‌తో వేసి, పై వరసలు రాడ్డుతో నింపుతారు. తర్వాత ఆ అతుకుని ఎక్స్‌రే తీస్తారు. లోపల గాలిబుడగలో, సరిగ్గా అతకని చోటో పరిమితికి మించి కనబడితే ఫెయిల్. నూనె, గ్యాసు, విద్యుత్ ప్లాంట్లు ఉన్న ప్రతి దేశంలోనూ ఈ పనికి గిరాకీ ఉంది. మా కుర్రాడికి ఆ పని వచ్చు.

వచ్చని చెప్పే కాగితం మాత్రం వాడి దగ్గర లేదు. ఐటీఐ సర్టిఫికెట్ మీద 'వెల్డర్' అని ఉంటుంది, అంతే. కంపెనీవాళ్ళు అడిగేది వేరు. ఏ పొజిషన్‌లో, ఏ లోహం మీద, ఎంత మందం దాకా, ఎవరి సమక్షంలో టెస్టు పాసయ్యాడని అడుగుతారు. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకి ఈ సంగతి బాగా తెలుసు. "వెల్డర్ వీసాలు ఇప్పుడు లేవు, హెల్పర్ మీద వెళ్ళు, అక్కడికి వెళ్ళాక మార్పిస్తాం" అన్నాడు. లక్షా యాభై వేలు అడిగాడు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేతిలో పెట్టాడు. రసీదు లేదు.

జీతం వెయ్యి రియాళ్ళు. అప్పటి రేటులో 22,000 రూపాయలు చిల్లర. గది, తిండి కంపెనీవి కాబట్టి ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి నెలకి 18,000 ఇంటికి పంపేవాడు. అందులో 4,500 మొదటి నెల వడ్డీకే సరిపోతుంది. ఆ వడ్డీ మీద లక్షా యాభై వేల అప్పు, నెలనెలా 18,000 తప్పకుండా కట్టుకుంటూ పోతే, తీరడానికి దాదాపు పది నెలలు పడుతుంది. మొదటి జీతం చేతికి రావడానికే రెండు నెలలు పట్టింది. అంటే ఏడాది. కాంట్రాక్టు రెండేళ్ళు. రైతు భాషలో చెప్పాలంటే, ఒక సార్వా, ఒక దాళ్వా పూర్తిగా అప్పిచ్చినవాడి గాదెలో పోశాక మూడో పంట నుంచి గింజ ఇంటికి వచ్చింది.

ఇదే పని చట్టం ప్రకారం జరిగి ఉంటే లెక్క ఎలా ఉండేదో చూడండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. ఈ డబ్బు ఏడాదికి 12 శాతం వడ్డీకి బ్యాంకు ఇచ్చిందనుకుందాం. అదే జీతం మీద రెండు నెలల్లో తీరిపోతుంది. పాస్‌పోర్టు, మెడికల్, ప్రయాణాల ఖర్చులకి ఇంకో నెల వేసుకోండి. పది నెలలకీ మూడు నెలలకీ తేడా ఏడు నెలలు. ఏడు పద్దెనిమిదులు లక్షా ఇరవై ఆరు వేలు. యాభై డిగ్రీల ఎండలో ఆ కుర్రాడు ఏడు నెలలు చేసిన కష్టం సబ్ ఏజెంటుకీ వడ్డీవ్యాపారికీ పోయింది.

ఇంకో నష్టం ఇందులో కనబడదు. టెస్టు పాసైన పైపు వెల్డరుకి హెల్పర్ కంటే రెండింతల జీతం ఉంటుంది, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే. మా వాడు రెండేళ్ళపాటు వేరే వెల్డర్ల వెనక రాడ్ల డబ్బా మోశాడు. చేతిలో పని ఉండి కూడా. వీసా మార్పిస్తామన్నవాళ్ళు ఫోను ఎత్తలేదు. చెయ్యి వాడకపోతే సిక్స్ జీ లాంటి పని మందగిస్తుంది, తిరిగి వచ్చాక మళ్ళీ నెలల తరబడి సాధన చేయాలి. వాడికి నేర్పడానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు, నేను పడ్డ శ్రమ, వాడి ఏడాది చదువు, అన్నీ ఆ రాడ్ల డబ్బా దగ్గర ఆగిపోయాయి.

మేధోవలస గురించి పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుతుంటారు. మనం చదివిస్తే వేరే దేశం లాభపడుతోందని బాధపడుతుంటారు. 1970లలో ఆర్థికవేత్త జగదీశ్ భగవతి, విదేశాలకు వెళ్ళిన నిపుణుల సంపాదన మీద పన్ను వేసి ఆ డబ్బు సొంత దేశానికి ఇవ్వాలని ప్రతిపాదించారు. ఆయన దృష్టిలో ఉన్నది డాక్టర్లు, ఇంజనీర్లు. ఆ వాదనలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ మా కుర్రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాకు వేరేగా అనిపిస్తుంది. వాళ్ళు వెళ్ళడం నష్టమని నేను అనుకోను. మా డెల్టాలో భూమి కొందరి చేతుల్లో ఉంది, సాగు చేసేవాడు కౌలుదారు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు నేర్చుకున్న పనికి ఎక్కడ విలువ ఉంటే అక్కడికి వెళ్ళే హక్కు వాడికి ఉంది. వెళ్ళేవాడే తన ప్రయాణానికి, తన శిక్షణకి, మధ్యవర్తి లాభానికి కూడా డబ్బు కట్టవలసి రావడం అన్యాయం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అమెరికా వెళ్ళాలంటే హెచ్-1బీ ఫీజుల్లో ఎక్కువ భాగం కంపెనీయే కట్టాలని అక్కడి నిబంధన. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రభుత్వం అన్నప్పుడు మన టీవీల్లో రోజుల తరబడి చర్చలు జరిగాయి. జరగాల్సిందే, మా పక్కింటి అమ్మాయి కూడా ఆ టెన్షన్ పడింది. కానీ ఆ లక్ష డాలర్లు కూడా కట్టమన్నది కంపెనీని. జీతం పెద్దదైనప్పుడు దారిఖర్చు యజమాని పెట్టుకుంటాడు. జీతం చిన్నదైనప్పుడు కౌలు రైతు వడ్డీకి తెచ్చి పెట్టుకుంటున్నాడు.

మా గోదావరి వాళ్ళకి ఇది కొత్త కాదు. తాళ్ళరేవు దగ్గర కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. బర్మాలో తెలుగు కూలీలని ఆ రేవు పేరు మీదే 'కోరంగీలు' అని పిలిచేవాళ్ళు. మన పెద్దలు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. మా నాయనమ్మ వాళ్ళ అన్నగారు రంగం వెళ్ళారు. అప్పట్లో మేస్త్రీ అనేవాడు ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఛార్జీ తనే పెట్టి, రైసు మిల్లుల్లోకో రేవులోకో తీసుకెళ్ళేవాడు. జీతం మేస్త్రీ చేతిలో పడేది. అడ్వాన్సు, ఓడ ఖర్చు, కమీషను పట్టుకుని మిగిలింది కూలీకి ఇచ్చేవాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, అది చివరికి వాళ్ళ మీద దాడులుగా మారి ఎందరి ప్రాణాలో పోయాయి. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగొచ్చినవాళ్ళలో ఆయనా ఉన్నారు. పన్నెండేళ్ళు కష్టపడి ఏం తెచ్చారని అడిగితే మా నాయనమ్మ ఒక ఇత్తడి చెంబు చూపించేది. ఇప్పుడు ఓడ పోయి విమానం వచ్చింది. మేస్త్రీ పోయి సబ్ ఏజెంటు వచ్చాడు. పద్ధతి మాత్రం అలాగే ఉంది.

దీన్ని మార్చడం మీ శాఖ చేతిలో ఉందని నా నమ్మకం. నాకు తోచినవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు టెస్టు. సౌదీ ఇప్పుడు వెల్డర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ లాంటి పనులకు వీసా ఇవ్వడానికి ముందే ఇక్కడే పని పరీక్ష పెడుతోంది. ఇది మా కుర్రాళ్ళకి మంచిదే. పరీక్షకి తయారయ్యే చోటు, పరీక్ష రాసే చోటు దగ్గర్లో ఉంటే వాళ్ళు హెల్పర్ వీసా కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మా తీరంలోనే గ్యాసు బావులున్నాయి, గాడిమొగ దగ్గర టెర్మినల్ ఉంది, కాకినాడలో ఎరువుల కర్మాగారాలున్నాయి. వెల్డరుని పరీక్షించడం తెలిసిన ఇన్‌స్పెక్టర్లు ఇక్కడే తిరుగుతున్నారు. ఐటీఐ చివరి నెలలో ప్రతి వెల్డింగ్ విద్యార్థికీ ఒక టెస్టు కూపన్ ఇప్పించండి. పరీక్షకి ఇచ్చే పైపు ముక్కని మేం కూపన్ అంటాం. గుర్తింపు ఉన్న తనిఖీ సంస్థ మనిషి ముందు వాడు అతుకు వేయాలి, ఎక్స్‌రే తీయాలి, పాసైతే పొజిషన్, లోహం, మందం రాసి ఉన్న కాగితం చేతికి రావాలి. దాని ఖర్చు శాఖ పెట్టుకోవాలి. ఏడాది చదువు చెప్పించి ఆ చివరి కాగితం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటే ముందు పెట్టిన ఖర్చంతా వృథా.

తర్వాత అప్పు సంగతి. ఆ కుర్రాడి తల్లి డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. అంటే తల్లి పేరు మీద బ్యాంకు అప్పు పుడుతుంది. కొడుకు ప్రయాణానికి మాత్రం తండ్రి ఏడాదికి 36 శాతం వడ్డీ కట్టాడు, ఎందుకంటే విదేశీ ఉద్యోగం కోసమని సంఘంలో అప్పు అడగొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఎవరూ చెప్పలేదు. మహిళా సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి ద్వారా విదేశీ ఉద్యోగ రుణం పెట్టండి. ఒక షరతు పెట్టండి: డబ్బు నేరుగా రిజిస్టరైన ఏజెంటు బ్యాంకు ఖాతాలోకే వెళ్ళాలి, కేంద్ర ప్రభుత్వ ఎమిగ్రేట్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టు చూశాకే వెళ్ళాలి. 35,400కి మించి ఒక్క రూపాయి కూడా ఆ దారిలో వెళ్ళదు. ఎంత పోలీసు కేసు పెట్టినా ఆగని సబ్ ఏజెంటు, నగదు దారి మూసుకుపోతే తనే తగ్గుతాడు. చేతికి నగదు ఇవ్వడానికి అలవాటుపడ్డ మా ఊళ్ళలో ఈ మార్పు ఒక్క రోజులో రాదు, నాకు తెలుసు. అందుకే డ్వాక్రా అక్కచెల్లెళ్ళ చేతిలో పెట్టమంటున్నాను. ఎవరింటికి ఏ ఏజెంటు వస్తున్నాడో వాళ్ళకి ముందే తెలుస్తుంది.

కాంట్రాక్టు పోర్టల్‌లో ఎక్కితే ఇంకో రక్షణ కూడా వస్తుంది. పదో తరగతి పాసవని వాళ్ళకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు, అంటే గల్ఫ్ లాంటి చోట్లకి పనికి వెళ్ళేముందు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్సు అనే అనుమతి తీసుకోవాలి. వెల్డర్ ట్రేడులో ఎనిమిదో తరగతితో చేరవచ్చు కాబట్టి మా పిల్లల్లో చాలామందిది అదే. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్ళేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375 కడితే ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద విమానం ఎక్కించిన కుర్రాడికి ఇదేమీ ఉండదు. మంగాఫ్ లాంటి రోజు వచ్చినప్పుడు ఆ తేడా ఏమిటో తల్లికి తెలుస్తుంది.

మా డెల్టా నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళు చాలా ఎక్కువ. నేను వెల్డింగ్ మాస్టారిని కాబట్టి వెల్డర్ల గురించే ఎక్కువ రాశాను, క్షమించాలి. పదేళ్ళు కువైట్‌లో ఒక ఇంటి పెద్దావిడకి మందులిచ్చి, స్నానం చేయించి, రాత్రుళ్ళు మేలుకుని చూసుకున్న అక్కని కూడా మనం 'పనిమనిషి' అనే రాస్తున్నాం. ఆమెకి వచ్చింది వృద్ధుల సంరక్షణ. జపాన్, జర్మనీ, ఇజ్రాయెల్ ఈ పనికే మనుషుల్ని వెతుక్కుంటున్నాయి. కేరళ ప్రభుత్వం తన నోర్కా సంస్థ ద్వారా నర్సులకి జర్మన్ భాష నేర్పించి, వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోకుండా జర్మనీకి పంపుతోంది. మైకేల్ క్లెమెన్స్ అనే ఆర్థికవేత్త చెప్పే మాట కూడా ఇదే: మనుషులు కావలసిన దేశమే, వాళ్ళ సొంత ఊళ్ళో జరిగే శిక్షణకి డబ్బు పెట్టాలి. వెళ్ళేవాళ్ళకీ, ఊళ్ళోనే ఉండిపోయేవాళ్ళకీ ఒకే చోట నేర్పాలి. మన రాష్ట్రానికీ విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళని పంపే అధికారం అలాంటి ప్రభుత్వ సంస్థలకే ఉంది. అయినా మా మండలాల్లో ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ. అమలాపురంలో, భీమవరంలో, నరసాపురంలో ఒక్కో గది, ఒక్కో మనిషి, ఒక ఫోను. ముందు అంతమాత్రం చేయండి.

తిరిగొచ్చినవాళ్ళ గురించి ఒక్క మాట. పన్నెండేళ్ళు రిఫైనరీ షట్‌డౌన్ పనులు చేసినవాడు మా ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. ఆటో నడపడం తప్పు కాదు. కానీ మన తీరంలో గ్యాసు పనులకి వేరే రాష్ట్రాల వెల్డర్లు రావడం నేను కళ్ళారా చూశాను. 2020లో కరోనా వేళ కేంద్రం 'స్వదేశ్' పేరుతో తిరిగొచ్చినవాళ్ళ పనితనం నమోదు చేసింది. మీ నైపుణ్య గణనలో అలాంటివాళ్ళకి వేరే గడి పెట్టి, అనుభవాన్ని పరీక్షించి కాగితం ఇస్తే, మళ్ళీ ఎడారికి వెళ్ళాలో ఇక్కడే ఉండాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు.

2023-24 రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం విదేశాల నుంచి దేశానికి వచ్చిన డబ్బులో కేరళ వాటా 19.7 శాతం, మన రాష్ట్రం వాటా 4.4 శాతం. ఈ అంకె చూసి ఎక్కువమందిని పంపాలని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా మొదలుపెట్టకండి. ఇప్పుడు వెళ్తున్నవాడు నేర్చుకున్న పని మీద వెళ్ళేటట్టు, అప్పు రెండు మూడు నెలల్లో తీరేటట్టు చూడండి.

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. రిటైరయ్యాక రాయడం మొదలుపెట్టాను. సెలవుకి వచ్చిన ప్రతి విద్యార్థినీ పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడిగి రాసుకున్నాను. పేర్లు బయటపెట్టనని మాట ఇచ్చాను కాబట్టి పేర్ల మీద కాగితం అంటించి ఇస్తాను. ఏ రోజు రమ్మన్నా తెస్తాను.

ఆ కౌలు రైతు కొడుకు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మళ్ళీ వెళ్ళాలని చూస్తున్నాడు. అదే సబ్ ఏజెంటు ఈసారి లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడట. డబ్బు ఇవ్వద్దని, ఏదో ఒక దారి చూసి టెస్టు ఇప్పిస్తానని వాళ్ళ నాన్నకి చెప్పాను. సాయంత్రాలు మా పెరట్లో పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి సాధన చేయిస్తున్నాను, చెయ్యి మళ్ళీ కుదురుకుంటోంది. దాళ్వా కోతలయ్యేదాకా ఆగుతామన్నారు.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్,
కోనసీమ